బస్తీకో వకీలు కావాలె

జవహర్‌నగర్‌లో ఏ ఇంటి బీరువా తెరిచినా ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో బంగారం ఉండదు, కాగితాలుంటాయి. నోటరీ దస్తావేజు, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, రెగ్యులరైజేషన్‌కు పెట్టుకున్న దరఖాస్తు నకలు, ఎవరో తలుపుకు అంటించిపోయిన నోటీసు. చిట్టీలు ఎత్తి, గల్ఫ్ పోయి, రాళ్లు కొట్టి కొనుక్కున్న అరవై గజాల ఇంటికి ఆ సంచే కోట, ఆ సంచే కాపలా.

ఆ కాగితాలను చదివి వాటి విలువ చెప్పగలిగే మనిషి ఆ గల్లీలో ఎంతమంది? డిగ్రీ చదివిన పిల్లలు ఇంటికొకరు కనబడతారు. బీకాం ఉంది, బీఎస్సీ ఉంది, ఎంబీఏ కూడా ఉంది. కానీ నోటీసు వచ్చిన రోజున తల్లిదండ్రులు ఆ పిల్లల వైపు చూడరు, చౌరస్తాలో కూర్చునే దళారి దగ్గరికి ఉరుకుతారు. వాడు చదివింది తక్కువే. కానీ ఆఫీసు తెలుసు, ముద్ర తెలుసు, రేటు తెలుసు. మన చదువులు మన బతుకులకు అక్కరకు రావడం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అందుకే ఈ వ్యాసం. డిగ్రీ అయిపోయి ఏం చేద్దామని ఆలోచిస్తున్న పిల్లలకు, ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ చదవాలనుకునే అన్నలకు, అక్కలకు ఒక మాట. మూడేళ్ల లా డిగ్రీ చదవండి. సర్కారుకు మరో మాట. ఆ చదువును మా బస్తీ మనిషికి అందేటట్టు చేయండి. ఇవాళ అది నోటిఫికేషన్‌లో అందరికీ ఉంది, ఆచరణలో కొందరికే ఉంది.

భూమి చిక్కు, చట్టం చిక్కు

జవహర్‌నగర్ మామూలు ఊరు కాదు. మాజీ సైనికుల పేరు మీద ఉన్న భూములు, సర్కారు భూములు, హెచ్‌ఎండీఏ భూములు అన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుపోయిన చోటు. ఒకే గజం జాగాను ముగ్గురు తమదంటారు. ఇల్లు కట్టుకున్నవాడు నాలుగోవాడు. పక్కనే నగరం చెత్తంతా మోసిన డంపు యార్డు, కోటి టన్నులకు పైబడిన గుట్ట. ఆ కంపు మీద, ఆ నీళ్ల మీద కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. 2019లో ఊరు మున్సిపల్ కార్పొరేషన్ అయింది. పేరు పెద్దదైంది కానీ సంచిలో కాగితాల చిక్కు విడలేదు.

2014 డిసెంబరు 30న సర్కారు జీవో 58, జీవో 59 ఇచ్చింది. సర్కారు జాగాలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా, అంతకు మించితే రుసుముతో క్రమబద్ధీకరణ అన్నది. ఏ భూమికి అది వర్తిస్తుంది, ఏ భూమికి వర్తించదు, తిరస్కరిస్తే ఎక్కడికి పోవాలి అన్నది ఎంతమందికి తెలుసు? 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఒకటి ఇప్పటికీ మన నెత్తి మీద ఉంది. దాని 7వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసు ఇచ్చి సంజాయిషీ అడగాలి. ఖాళీ చేయమని ఉత్తర్వు వస్తే దాని మీద అప్పీలు ఉంది. ఆ ఒక్క ముక్క తెలిసినవాడు గల్లీలో ఉంటే జేసీబీ ముందు ఏడ్చే తల్లికి కనీసం ఒక తారీఖు దొరుకుతుంది. పేదవాడికి తారీఖు చిన్న విషయం కాదు. ఆ గడువులో ఇల్లు నిలబడుతుంది.

ఉచిత న్యాయ సహాయం సంగతి చూడండి. 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, పరిశ్రమల కార్మికులకు ఆదాయంతో పని లేకుండా వకీలును పెట్టాలి. అంటే జవహర్‌నగర్‌లో సగానికి మించి జనానికి ఈ హక్కు ఉన్నట్టే. వాడుకున్నవాళ్లు ఎందరు? హక్కు ఉందని చెప్పేవాడు లేకపోతే హక్కు లేనట్టే.

మన చరిత్ర వకీళ్ల చరిత్ర

తెలంగాణ బిడ్డలకు ఇది కొత్త సంగతి కాదు. 1921 నవంబరులో వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆయన వకీలు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని వెనుక నిలబడ్డవాళ్లలో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ఉన్నారు. ఇద్దరూ వకీళ్లే. బూర్గుల పూనా ఫెర్గూసన్ కాలేజీలో బీఏ చేసి, ఆ తర్వాత బొంబాయిలో లా చదివారు. సురవరం ప్రతాపరెడ్డి బీఏ, బీఎల్. మద్రాసులో చదివి వచ్చి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. వీళ్లంతా చట్టం చదివినవాళ్లు. చట్టం చేతిలో ఉంటే భాష నిలబడింది, పత్రిక నిలబడింది, సభ నిలబడింది.

ఆ తర్వాతి కథ కూడా సగం కోర్టుల్లోనే నడిచింది. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు తెలంగాణ ఉద్యోగాల రక్షణ నిబంధనను కొట్టేసింది. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. 1973లో 371-డి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో. ఒక్కొక్క ఉద్యోగి తన సీనియారిటీ కోసం ఈ కాగితాలన్నీ కంఠస్తం చేయాల్సి వచ్చింది. 2010లో హైకోర్టు ప్రభుత్వ న్యాయవాదుల పోస్టుల్లో 42 శాతం వాటా అడిగి మన వకీళ్లు రోడ్డెక్కారు. 2016 జూన్‌లో జడ్జీల కేటాయింపు మీద మన న్యాయాధికారులే రాజ్‌భవన్‌కు నడిచి సస్పెండయ్యారు. 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టు విడిగా వచ్చింది.

హైకోర్టు వచ్చింది సరే. ఆ హైకోర్టు మెట్లు ఎక్కే నల్లకోట్లలో జవహర్‌నగర్ బిడ్డ, మల్కారం బిడ్డ, దమ్మాయిగూడ బిడ్డ ఎక్కడ? కొట్లాడి తెచ్చుకున్న కోర్టుకు కొట్లాడగలిగే వకీలు మన గల్లీ నుంచి పోకపోతే ఆ గెలుపు సగమే.

గోడ పక్కనే చదువు, లోపలికి దారి లేదు

ఇప్పుడు చదువు సంగతికి వద్దాం. జవహర్‌నగర్ నుంచి పది పదిహేను కిలోమీటర్లు పోతే శామీర్‌పేట. అక్కడ నల్సార్ లా యూనివర్సిటీ. 1998లో మన శాసనసభ చేసిన చట్టంతో పుట్టింది, దేశంలో పేరున్న లా యూనివర్సిటీల్లో ముందు వరుసలో నిలిచింది. అది మనకు గర్వమే. కానీ నల్సార్‌కు ఆ పేరు తెచ్చింది ఇంటర్ అయ్యాక క్లాట్ రాసి చేరే ఐదేళ్ల కోర్సు. క్లాట్ ఇంగ్లిషులో నడిచే పరీక్ష. దానికి కోచింగ్ కావాలి, కోచింగ్‌కు పైసలు కావాలి. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, డిగ్రీ దాకా వచ్చాక కళ్లు తెరిచిన పిల్లకు ఆ గేటు ఎప్పుడో మూసుకుపోయింది. లా చదవాలన్న ఆలోచన మన ఇళ్లలో పదిహేడేళ్లకు రాదు. నోటీసు వచ్చినప్పుడు వస్తుంది.

అలాంటివాళ్లకున్న దారి లాసెట్. ఈ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. జనరల్ నాలెడ్జి 30, వర్తమాన వ్యవహారాలు 30, చట్టం మీద ఆసక్తి చూసేవి 60. 35 శాతం వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. డిగ్రీలో జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. పేపరు చదివే అలవాటున్న పిల్లలకు ఇది కొండ కాదు.

కొండ ఆ తర్వాత వస్తుంది. ఉస్మానియా లా కాలేజీకి పోవాలంటే ఈసీఐఎల్ చౌరస్తా, తార్నాక దాటాలి. బషీర్‌బాగ్ కాలేజీకి పోవాలంటే ఇంకా లోపలికి. బస్సులో పూటకు రెండు గంటలు పోతాయి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. పగలు ఉద్యోగం చేసి ఇంటికి పైసలు ఇచ్చేవాడు ఆ 70 శాతం ఎక్కడి నుంచి తేవాలి? ఒకప్పుడు గుమాస్తాలు, టీచర్లు ఆఫీసు అయ్యాక సాయంత్రం కాలేజీల్లో లా చదివారు. ఆ దారి ఇరుకైంది.

దారి ఇరుకైతే అడ్డదారి తెరుచుకుంటుంది. అడ్మిషన్ రోజున ఒకసారి, పరీక్షల రోజున ఒకసారి కనబడితే చాలు, హాజరు మేం చూసుకుంటాం అనే కాలేజీలు ఉన్నాయి. పేర్లు మీకు తెలుసు. అక్కడ మూడేళ్లు ఫీజు కట్టి బయటపడ్డవాడు గోడ మీద సర్టిఫికెట్ వేలాడదీస్తాడు. వకాలత్‌నామా నింపడం రాదు. అట్లాంటి డిగ్రీలు ఎన్ని ఉన్నా బస్తీకి వకీలు దొరకడు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ హాజరు పెట్టాలని, చదువుతూ ఉద్యోగం చేస్తుంటే చెప్పాలని సర్క్యులర్ ఇచ్చింది. దొంగ హాజరును పట్టుకోవడం మంచిదే. కానీ నిజంగా రావాలనుకునే పేదవాడికి వేళ కుదిర్చే బాధ్యత ఎవరిది?

దీనికి జవాబు అదే నిబంధనల్లో ఉంది. పూర్తి రెసిడెన్షియల్ కాని కాలేజీల్లో ఉదయం 8 నుంచి రాత్రి 7 దాకా క్లాసులు పెట్టుకోవచ్చు. వారానికి 30 గంటలు ఉండాలి. లెక్క కట్టండి. ఆరు రోజులు, రోజుకు ఐదు గంటలు. పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఇంకో బ్యాచి. షిఫ్టు డ్యూటీలో ఫార్మా కంపెనీకి పోయే పిల్లవాడు ఒకదానికి రావచ్చు. పొద్దున ట్యూషన్లు చెప్పుకునే పిల్ల ఇంకోదానికి రావచ్చు. ఏ నిబంధననూ మీరాల్సిన పని లేదు. కావాల్సింది ఒక సర్కారు కాలేజీ, ఒక టైంటేబుల్.

వయసు అడ్డం కాదు

నాకు ముప్పై దాటింది, ఇప్పుడేం చదువు అనేవాళ్లకు బాలగోపాల్‌ను గుర్తు చేయాలి. వరంగల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. 1985లో ఆ ఉద్యోగం వదిలేశారు. పౌరహక్కుల కోసం ఊరూరా తిరిగారు. చట్టం చదివి 1998లో న్యాయవాదిగా నమోదయ్యేనాటికి నలభై అయిదేళ్లు నిండాయి. 2009 అక్టోబరు 8న కన్నుమూసే దాకా భూమి పోయినవాళ్ల, అడవి పోయినవాళ్ల కేసులు మోశారు. లెక్కల మాస్టారు వకీలు అయితే ఏమవుతుందో తెలంగాణ కళ్లారా చూసింది.

అట్లాంటి మనిషిని గేటు దగ్గరే ఆపే నిబంధన కూడా ఒకటి వచ్చింది. మూడేళ్ల కోర్సుకు ముప్పై ఏళ్లు దాటినవాళ్లు వద్దని 2008లో పెట్టారు. గొడవయ్యాక తీశారు. 2016లో మళ్లీ తెచ్చారు. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. లాసెట్‌కు వయసు అడ్డం లేదు.

ఉద్యోగ మిత్రులకు కూడా ఇది వర్తిస్తుంది. జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి ప్రాక్టీసు చేయరాదు, అది బార్ కౌన్సిల్ నియమం. కానీ రిటైరయ్యాక? రెవెన్యూలో ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లకు సేత్వార్ అంటే ఏమిటో తెలుసు, 1954-55 ఖాస్రా పహాణీలో పేరు ఉంటే దాని బలం ఏమిటో తెలుసు, ఫస్లీ సాలుకు 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని తెలుసు. ఎంతో మంది కుర్ర వకీళ్లకు ఇవి తెలియవు. జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం, 38-ఇ సర్టిఫికెట్, ఇనాముల రద్దు, 1977 అసైన్డ్ భూముల చట్టం, 2020 ధరణి, 2025 భూ భారతి. ఇంత చరిత్ర తలలో ఉన్న మనిషి పింఛను తీసుకుని ఇంట్లో కూర్చోవడం తెలంగాణకు నష్టం. మూడేళ్లు చదివితే ఆ తల బస్తీకి ఆసరా అవుతుంది.

ఆరేళ్లు ఎవరు సాదాలె?

తియ్యని మాటలు చెప్పి పిల్లలను మోసం చేయవద్దు. లెక్క నిజాయితీగా చెప్పాలి. ఇరవై ఒకటికి డిగ్రీ. మూడేళ్ల లా అయ్యేసరికి ఇరవై నాలుగు. అప్పుడు బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆ మీద అఖిల భారత బార్ పరీక్ష. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో తీసేసిన నిబంధన మళ్లీ వచ్చింది. అంటే ఇరవై ఏడు. డిగ్రీ అయ్యాక ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో మొదటి మూడేళ్లు ఫీజు కట్టాలి, తర్వాతి మూడేళ్లు సీనియర్ దగ్గర ఫైళ్లు మోయాలి. జీతం ఇచ్చే సీనియర్లు తక్కువ. ఉన్నవాడి కొడుకు ఆరేళ్లు ఆగగలడు. ఆటో తోలేవాడి బిడ్డ ఆగగలదా?

కోర్టు అనుభవం లేనివాడు జడ్జి కావద్దన్నది సరైన మాటే. కానీ అనుభవం సంపాదించేటప్పుడు అన్నం ఎవరు పెడతారో చెప్పకపోతే ఆ మాట పేదవాడి మీద పడే పన్ను అవుతుంది.

ఒక ఊరట ఉంది. నమోదు ఫీజు పేరుతో దేశంలో బార్ కౌన్సిళ్లు పదిహేను వేల నుంచి నలభై వేల దాకా గుంజేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు, అంతకు మించి వద్దన్నది. కొట్లాడినవాళ్లుంటే ఫలితం ఉంటుందని అది చెబుతోంది. 2024 అక్టోబరులో జూనియర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ సలహా ఇచ్చింది. సలహాతో కడుపు నిండదు. పక్కన ఆంధ్రప్రదేశ్ 2019లో కొత్త వకీళ్లకు మూడేళ్ల పాటు నెలకు 5 వేల రూపాయల పథకం తెచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించిన రాష్ట్రం కొత్త వకీలుకు బస్ పాసు ఖర్చన్నా చూడలేదా?

మేం అడుగుతున్నది

ఒకటి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో సర్కారు లా కాలేజీ పెట్టాలి. పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి నడపాలి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. కోర్టు వచ్చిన జిల్లాకు లా కాలేజీ రావడం న్యాయం.

రెండు. నల్సార్ డిగ్రీ అయినవాళ్ల కోసం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మొదలుపెట్టాలి. బెంగుళూరు నేషనల్ లా స్కూలు 2022లో మొదలుపెట్టింది. బెంగుళూరుకు సాధ్యమైంది శామీర్‌పేటకు ఎందుకు కాదు? అందులో చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు బడిలో చదివిన పిల్లలకు వాటా ఉండాలి.

మూడు. ఆ కాలేజీల న్యాయ సహాయ కేంద్రం జవహర్‌నగర్‌లో వారానికి రెండు రోజులు తెరిచి ఉండాలి. లా కాలేజీకి న్యాయ సహాయ కేంద్రం ఉండాలని నిబంధనల్లోనే ఉంది. దాన్ని క్యాంపస్‌లో తాళం వేసిన గదిగా ఉంచవద్దు. విద్యార్థులకు అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు.

నాలుగు. తెలంగాణ భూమి చట్టాలను, ఉర్దూ రికార్డుల మాటలతో సహా, అన్ని లా కాలేజీల్లో గట్టిగా చెప్పాలి.

ఐదు. పేద కుటుంబాల కొత్త వకీళ్లకు మూడేళ్ల పాటు నెలనెలా భృతి ఇవ్వాలి.

ఇవన్నీ సర్కారు చేసేదాకా ఆగుదామా? వద్దు. గల్లీకో ఇద్దరు ఈసారి లాసెట్ రాయండి. పాత పేపర్లు పంచుకోండి. సీటు వస్తే హాజరు కొనకండి, క్లాసుకు పోండి. పోయే దారిలో ఇబ్బంది ఉంటే నలుగురూ కలిసి ప్రిన్సిపాల్‌ను అడగండి, యూనివర్సిటీని అడగండి. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు తమ డిమాండ్ల పట్టికలో మేడ్చల్ లా కాలేజీని చేర్చండి. బస్తీ పెద్దలు చందాలు వేసి పండుగ మండపాలు కడుతున్నారు. అందులో ఒక వంతు ఒక పిల్ల లా ఫీజుకు పెట్టండి.

రాష్ట్రం కోసం మనం రోడ్డు మీద కొట్లాడినం. ఇల్లు నిలుపుకోవడానికి కోర్టులో కొట్లాడాలి. రోడ్డు మీదికి లక్షల మంది వచ్చారు. కోర్టుకు గల్లీ నుంచి ఒక్కరు వస్తే చాలు.